రిక్వెస్టుకొక భాష: సర్వరులో బహుభాషా ఏర్పాటుపై పాఠకుల ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు నోడ్ (సర్వరులో జావాస్క్రిప్టును నడిపే వేదిక) మీద నడిచే అప్లికేషన్లను తెలుగులోకి, ఇతర భాషల్లోకి తేవడం గురించే ఉన్నాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ఉత్తరంలోని చిక్కు చాలామందికి ఎదురయ్యేది కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: మేము ముగ్గురం కలిసి రొయ్యల రైతుల కోసం చెరువుల లెక్కలు, మేత పద్దులు, పట్టుబడి బిల్లులు చూసే అప్లికేషన్‌ను నోడ్‌తో, దాని మీది వెబ్ చట్రం ఎక్స్‌ప్రెస్‌తో నడుపుతున్నాము. ఇన్నాళ్లూ ఇంగ్లీషులో మాత్రమే ఉండేది. ఇప్పుడు తెలుగు, తమిళం చేర్చడానికి ఐ18నెక్స్ట్ అనే అనువాద లైబ్రరీని తీసుకుని, ప్రతి రిక్వెస్టు (బ్రౌజరు సర్వరును అడిగే కోరిక) మొదట్లో ఆ వినియోగదారు భాషతో చేంజ్‌లాంగ్వేజ్ ఫంక్షన్‌ను పిలుస్తున్నాము. మా కంప్యూటర్లలో అంతా సవ్యంగానే ఉంది. వాడకంలోకి వెళ్లాక మాత్రం ఇంగ్లీషు ఎంచుకున్న కొనుగోలుదారుకు బిల్లు ఒక్కొక్కసారి సగం తెలుగులో, ఒక్కొక్కసారి పూర్తిగా తమిళంలో వస్తోంది. అనువాద ఫైళ్లు ఎన్నిసార్లు చూసినా తప్పు దొరకలేదు. (ఒక పాఠకుడు, కావలి)

జవాబు: తప్పు ఆ చేంజ్‌లాంగ్వేజ్ పిలుపులోనే ఉంది. ఆ ఫంక్షన్ లైబ్రరీ ప్రతి (కాపీ) మొత్తానికీ భాషను మారుస్తుంది. బ్రౌజరులో దాన్ని వాడినప్పుడు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అక్కడ ఆ ప్రతిని వాడేది ఒక్క మనిషే. సర్వరులో అదే ప్రతిని మీ వినియోగదారులందరూ ఒకేసారి పంచుకుంటున్నారు. కాటా దగ్గర ఒకే పలక వేలాడదీసి, వచ్చిన ప్రతి రైతు బరువునూ ముందున్నది చెరిపి దాని మీదే రాస్తూ, బిల్లు రాసే గుమాస్తాను కాసేపాగి వచ్చి చూసుకొమ్మంటే ఏమవుతుందో మీ బిల్లులకు అదే అవుతోంది.

కొంచెం దగ్గరగా చూద్దాము. తెలుగు రైతు రిక్వెస్టు వచ్చింది, మీ కోడ్ భాషను తెలుగుకు మార్చింది, ఆ తరువాత పట్టుబడి వివరాల కోసం డేటాబేసును అడిగి 'అవెయిట్' దగ్గర ఆగింది. నోడ్ ఒకే థ్రెడ్డులో (వరుసలో) మీ కోడును నడుపుతున్నా, ఇలా ఆగిన ప్రతిచోటా వేరే రిక్వెస్టుకు వంతు ఇస్తుంది. ఆ సందులో తమిళ కొనుగోలుదారు రిక్వెస్టు వచ్చి భాషను తమిళానికి మార్చింది. డేటాబేసు నుంచి జవాబు అందాక రైతు బిల్లు మళ్లీ నడక మొదలుపెట్టేసరికి భాష తమిళమై కూర్చుంది. బిల్లు పైభాగం డేటాబేసు పిలుపుకు ముందు, కిందిభాగం తరువాత తయారైతే సగం సగం వస్తుంది. మీరు ఒంటరిగా పరీక్షించినప్పుడు రెండో రిక్వెస్టు లేదు కనుక తప్పు బయటపడే వీలే లేదు.

అందుచేత సర్వరులో భాష అనేది రిక్వెస్టుకు చెందిన వస్తువు అన్న నియమాన్ని మొదటి రోజే పెట్టుకోవాలి. దీనికోసం ఐ18నెక్స్ట్‌కు హెచ్‌టీటీపీ మిడిల్‌వేర్ (రిక్వెస్టు మీ కోడుకు చేరేముందు నడిచే ముక్క) ఉంది. అది ప్రతి రిక్వెస్టుకూ లైబ్రరీ ప్రతిని విడిగా తీసి, ఆ రిక్వెస్టు భాషకు కట్టుబడిన 'టి' అనే అనువాద ఫంక్షన్‌ను రిక్వెస్టు వస్తువుకే (ఆబ్జెక్టుకే) తగిలిస్తుంది. పేజీల మూసలకు కూడా అదే 'టి' అందుతుంది. రూట్లన్నింటికంటే (అడ్రసుకొకటి చొప్పున జవాబిచ్చే కోడు) ముందు ఈ మిడిల్‌వేర్‌ను, దానికంటే ముందు కుకీలను (బ్రౌజరు దాచుకునే చిన్న గుర్తులను) చదివే మిడిల్‌వేర్‌ను పెట్టండి. చేంజ్‌లాంగ్వేజ్ పిలుపులన్నీ తీసివేయండి. రిక్వెస్టు వస్తువు చేరని లోపలి ఫంక్షన్లకు రెండు దారులున్నాయి: 'టి'ని పరామితిగా అందించడం ఒకటి, నోడ్‌లో 12.17, 13.10 వెర్షన్ల నుంచి ఉన్న, రిక్వెస్టుకొక విడి నిల్వనిచ్చే ఎసింక్‌లోకల్‌స్టోరేజ్‌లో భాషను ఉంచి అవసరమైన చోట చదువుకోవడం రెండవది. చిన్న అప్లికేషన్లకు మొదటిదే మేలని నా అభిప్రాయం. చూడటానికి విసుగ్గా ఉన్నా, ఏ ఫంక్షన్ భాష మీద ఆధారపడుతుందో చదివినవారికి వెంటనే తెలుస్తుంది. అన్నిటికంటే మంచి పద్ధతి లోపలి ఫంక్షన్లు వాక్యాలను తయారుచేయకుండా, 'నిల్వ చాలదు' వంటి అర్థానికి ఒక గుర్తును, దానికి కావలసిన సంఖ్యలను మాత్రమే తిరిగి ఇవ్వడం. వాక్యం చేసే పని చివరి గుమ్మం దగ్గర, అంటే జవాబు పంపే చోట జరిగితే చాలు.

మిగిలిన ఏర్పాటు పెద్దదేమీ కాదు. భాషకొక ఫోల్డరు, అందులో బిల్లులకు, చెరువులకు, దోష సందేశాలకు వేర్వేరు జేసన్ (కీ, దాని విలువ అన్న జతల) ఫైళ్లు పెట్టండి. ఫైళ్లను చదివే ఫైల్‌సిస్టమ్ బ్యాకెండును చేర్చి, ప్రీలోడ్ ఐచ్ఛికంలో మూడు భాషలనూ రాస్తే సర్వరు లేచేటప్పుడే అన్నీ మెమరీలోకి వస్తాయి. ఏ భాషలో మాట దొరకకపోతే ఏ భాషకు పోవాలో ఫాల్‌బ్యాక్‌లో చెప్పండి. మద్దతు ఉన్న భాషల జాబితాను తప్పకుండా ఇవ్వండి. అడ్రసు బారు నుంచి వచ్చిన భాష పేరుతో నేరుగా ఫైలు దారిని కట్టే కోడు నేను కొన్ని చోట్ల చూశాను. అది భాషా విషయం దాటి భద్రతా లోపమవుతుంది.

భాషను దేన్నిబట్టి నిర్ణయించాలన్నది మీరు అడగకపోయినా చెప్పవలసిన విషయం. బ్రౌజరు ప్రతి రిక్వెస్టుతోనూ యాక్సెప్ట్-లాంగ్వేజ్ అనే హెడరును (వివరపు పంక్తిని) పంపుతుంది. అందులో భాషల కోడ్లు, ఒక్కొక్కదానికి 'క్యూ' అనే ప్రాధాన్య విలువ ఉంటాయి. ఉదాహరణకు భారతదేశపు తెలుగు మొదట, వట్టి తెలుగు 0.9తో, ఇంగ్లీషు 0.8తో రావచ్చు. మీ ఫైళ్లలో వట్టి తెలుగు మాత్రమే ఉంటుంది కనుక, లోడ్ ఐచ్ఛికాన్ని 'లాంగ్వేజ్‌ఓన్లీ' చేయకపోతే ఐ18నెక్స్ట్ దేశపు కోడుతో ఉన్న ఫైలు కోసం కూడా వృథాగా వెతుకుతుంది. అయితే మన చెరువు గట్ల మీద ఉన్న ఫోన్లు చాలావరకు కొన్ననాటి ఇంగ్లీషు సెట్టింగులతోనే ఉంటాయి. ఆ హెడరును నమ్ముకుంటే తెలుగు కోరుకునే రైతుకు తెలుగు ఎప్పటికీ కనిపించదు. కాబట్టి అడ్రసులోని భాష, ఆ తరువాత ఖాతాలో దాచిన ఎంపిక, ఆ తరువాత కుకీ, ఇవేవీ లేనప్పుడు మాత్రమే హెడరు అనే వరుసను మిడిల్‌వేర్‌కు ఇవ్వండి. ప్రతి పేజీలోనూ భాషలు మార్చే చోటు ఉండాలి. అక్కడ ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే కనబడాలి. జెండా బొమ్మలు వద్దు. తెలుగుకు, తమిళానికి మీరు ఏ జెండా పెట్టగలరు?

సవరణ అయ్యాక పరీక్ష కూడా మార్చండి. డేటాబేసు పిలుపులో కావాలని కొంత ఆలస్యం కలిపి, మూడు భాషల రిక్వెస్టులను ఒకేసారి వందల సంఖ్యలో పంపి, ప్రతి జవాబులోని శీర్షిక, అడుగు వాక్యం రెండూ అడిగిన భాషలోనే ఉన్నాయా అని చూడండి. పాత కోడు మీద ఈ పరీక్ష వెంటనే విఫలం కావాలి. కాకపోతే పరీక్షలోనే లోపం ఉన్నట్టు.

ప్రశ్న: చీమకుర్తి క్వారీల నుంచి ఓడరేవులకు వెళ్లే గ్రానైట్ లారీల జాడ చూపే అప్లికేషన్ మాది. "లారీ ఫలానా ఊరికి బయలుదేరింది" అన్న వాక్యాన్ని ఊరి పేరు పక్కన 'కు' చేర్చి తయారుచేశాము. ఇంగ్లీషులో బాగున్నది తెలుగులో ఎబ్బెట్టుగా వస్తోంది. హిందీ చదివే క్వారీ సిబ్బంది కోసం హిందీ కూడా చేర్చాలి. (ఒక పాఠకురాలు, ఒంగోలు)

జవాబు: ఇంగ్లీషులో ఊరి పేరు ముందు ఒక మాట పెడితే పని జరిగిపోతుంది, పేరు మారదు. తెలుగులో విభక్తి పేరుకు అతుక్కుని, ఒక్కొక్కసారి పేరునే మారుస్తుంది. మీ జాబితాలోని ఊళ్లనే తీసుకోండి: ఒంగోలుకు, కావలికి, చెన్నైకి, కృష్ణపట్నానికి. మొదటిదానికి 'కు', తరువాతి రెండింటికి 'కి', చివరిదానికైతే సున్న పోయి మాట రూపమే మారింది. 'కృష్ణపట్నంకు' అని తెరమీద చూసిన డ్రైవరు అర్థం చేసుకోకపోడు, కానీ ఇది మనవాళ్లు రాసింది కాదని కూడా అర్థం చేసుకుంటాడు.

చివరి అక్షరాన్ని చూసి విభక్తిని చేర్చే ఫంక్షన్‌ను రాయాలని మీకు అనిపించవచ్చు. రాయకండి. మినహాయింపులకు అంతుండదు, పైగా ఆ కోడు తమిళానికో కన్నడానికో పనికిరాదు. మీ ఊళ్ల సంఖ్య పరిమితం కనుక, ఊళ్ల పట్టికలో ప్రతి భాషకూ పేరుతో పాటు 'ఎక్కడికి', 'ఎక్కడి నుంచి' అన్న రూపాలను కూడా విడివిడి గడులలో దాచండి. అనువాద వాక్యంలో వట్టి పేరు కాకుండా కావలసిన రూపం వచ్చి కూర్చుంటుంది. వినియోగదారే టైపు చేసే స్థలాల పేర్లకు ఇది సాధ్యం కాదు కనుక అక్కడ వాక్యాన్ని మానుకుని, "గమ్యం: కృష్ణపట్నం. స్థితి: బయలుదేరింది" అని రాయండి. మనుషుల పేర్ల విషయంలో మన మర్యాదే మనల్ని కాపాడుతుంది: ఏ పేరు వచ్చినా పక్కన 'గారికి', 'గారి నుంచి' అని చేరిస్తే వ్యాకరణం చెడదు.

ఇక సంఖ్యలు. "ఒకటైతే ఇది, లేకపోతే అది" అన్న షరతును కోడులో ఎక్కడా రాయవద్దు. ఐ18నెక్స్ట్ 21వ వెర్షన్ నుంచి కీ చివర 'వన్', 'అదర్' వంటి తోకలు చేర్చి, ఏది ఎప్పుడు వాడాలో జావాస్క్రిప్టులోని, భాషలవారీ ఏకవచన బహువచన నియమాలు తెలిసిన ఇంట్ల్ ప్లూరల్‌రూల్స్‌ను అడుగుతుంది. తెలుగులో 1కి మాత్రమే 'వన్' వస్తుంది. హిందీలో 0కి, 0.5కి కూడా 'వన్' వస్తుంది. మీ హిందీ తెర మీద "0 లారీలు" అన్న చోటే ఈ తేడా బయటపడుతుంది. ప్రతి తోకకూ పూర్తి వాక్యాన్నే రాయించండి. "1 లారీ బయలుదేరింది", "4 లారీలు బయలుదేరాయి" అన్నప్పుడు నామవాచకం ఒక్కటే మారలేదు, క్రియ కూడా మారింది. అలాగే సంఖ్య, వస్తువు రెండింటినీ ఖాళీలుగా వదిలి ఒకే వాక్యంతో సరిపెట్టవద్దు. లారీలకు "4 లారీలు" అన్నవారమే మనుషుల దగ్గరికి వచ్చేసరికి "4 మంది డ్రైవర్లు" అంటాము. వాక్యాలు ఎక్కువైనా పరవాలేదు, ముక్కలు మాత్రం ఉండకూడదు.

ప్రశ్న: మా బిల్లులలో పన్నెండు లక్షల పైచిలుకు మొత్తం 1,234,567 అని పడుతోంది. తెల్లవారుజామున చేసిన పట్టుబడుల బిల్లుల మీద ముందురోజు తేదీ వస్తోంది. (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: రెండింటికీ కారణం ఒకటే, ఏ ప్రాంతమో చెప్పకుండా సర్వరుకే వదిలేయడం. సంఖ్యను తెర మీద చూపే రూపంలోకి మార్చే ఫంక్షన్‌కు ప్రాంతం ఇవ్వకపోతే అది సర్వరు సెట్టింగును తీసుకుంటుంది, ఆ సెట్టింగు చాలా క్లౌడు యంత్రాలలో అమెరికా ఇంగ్లీషే. ఇంట్ల్ నంబర్‌ఫార్మాట్‌కు భారతదేశపు తెలుగు కోడును ఇవ్వండి, 12,34,567 వస్తుంది. మీ ఇంగ్లీషు బిల్లుకు కూడా భారతదేశపు ఇంగ్లీషు కోడునే ఇవ్వాలి. కరెన్సీ మాత్రం భాషను బట్టి మారకూడదు. రూపాయల బిల్లు ఏ భాషలో చూసినా రూపాయలే కనుక దాన్ని విడిగా స్పష్టంగా చెప్పండి. కావాలంటే అంకెలను కూడా తెలుగు అంకెలలో చూపమని కోరవచ్చు, కానీ బిల్లు చదివేవారికి అది సాయం కంటే ఆటంకమే ఎక్కువ.

మీ నోడ్ వెర్షన్ 13 కంటే పాతదైతే ఇవన్నీ రాసినా ఫలితం ఇంగ్లీషులోనే రావచ్చు. ఈ సమాచారమంతా ఐసీయూ అనే లైబ్రరీలో ఉంటుంది (ఆసుపత్రిలోది కాదు). 2019లో వచ్చిన 13వ వెర్షన్‌కు ముందు నోడ్‌తో ఇంగ్లీషు సమాచారం మాత్రమే వచ్చేది, ఆ తరువాతి నుంచి అన్ని భాషలదీ వస్తోంది. తెలుగు కోరినప్పుడు నిజంగా ఏది అమలైందో రిజాల్వ్‌డ్ఆప్షన్స్ ఫంక్షన్ చెబుతుంది.

తేదీ సంగతికి వస్తే, క్లౌడు సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో ఉంటాయి. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. ఎండ ఎక్కకముందే ముగియాలని రాత్రివేళ మొదలుపెట్టిన పట్టుబడికి తెల్లవారుజామున 4 గంటలకు బిల్లు వేస్తే, సర్వరు లెక్కలో అది ముందురోజు రాత్రి 10:30. డేటాబేసులో కాలాన్ని యూటీసీలోనే ఉంచండి. చూపేటప్పుడు మాత్రం డేట్‌టైమ్‌ఫార్మాట్‌కు 'ఏషియా/కోల్‌కతా' టైమ్‌జోన్‌ను ఇవ్వండి. ఈ ఫార్మాటర్లను తయారుచేయడం ఖర్చుతో కూడిన పని కనుక భాషకొకటి చొప్పున ఒకేసారి చేసి దాచుకుని వాడండి. పరీక్షల్లో ఇవి ఇచ్చే వాక్యాన్ని అక్షరం అక్షరం పోల్చకపోవడం మంచిది. 2022లో వచ్చిన ఐసీయూ 72లో ఇంగ్లీషు సమయంలోని ఏఎం, పీఎంల ముందున్న ఖాళీ మరో రకం ఖాళీగా మారి, అలా పోల్చిన పరీక్షలెన్నో తప్పాయి.

ప్రశ్న: ఇంగ్లీషులో ఒక ఎస్ఎంఎస్‌తో సరిపోయేది తెలుగులో పంపితే రెండు, మూడు ఎస్ఎంఎస్‌ల ఖర్చు పడుతోంది. పైగా రాత్రి దానంతటదే నడిచే జాబ్ (ప్రోగ్రాము) నుంచి వెళ్లేవన్నీ ఇంగ్లీషులోనే పోతున్నాయి. (ఒక పాఠకుడు, సింగరాయకొండ)

జవాబు: ఎస్ఎంఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. ఒక్క తెలుగు అక్షరం చేరినా సందేశం మొత్తం యూనికోడుకు (అన్ని లిపులకూ పనికొచ్చే కోడుకు) మారి 70 మాత్రమే పడతాయి. ఆ హద్దు దాటి ముక్కలైతే ఇంగ్లీషు ముక్కకు 153, తెలుగు ముక్కకు 67. పైగా ఇక్కడ లెక్కించేది మన కంటికి కనిపించే అక్షరాలను కాదు. 'రొయ్యలు' అన్న మాట మనకు మూడక్షరాలు, కానీ ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకు వచ్చి 7 అవుతాయి. జావాస్క్రిప్టులోని లెంగ్త్ విలువ కూడా తెలుగుకు సరిగ్గా ఇదే లెక్క ఇస్తుంది కనుక, పంపే ముందు దానితోనే కొలిచి హద్దు దాటితే హెచ్చరించే పరీక్షను అనువాద ఫైళ్ల మీద పెట్టండి. తెలుగు సందేశాన్ని ఇంగ్లీషుకు ప్రతిబింబంగా కాక విడిగా కుదించి రాయించండి. గౌరవ వాచకాలు, ధన్యవాదాలు తగ్గినా రైతు ఏమీ అనుకోడు, మొత్తం, తేదీ కనబడితే చాలు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద వాణిజ్య సందేశాల మూసలను డీఎల్‌టీ అనే నమోదు వేదికలో ముందే నమోదు చేయాలి కదా, తెలుగు మూస వేరుగా నమోదవుతుంది, దాని గుర్తింపు సంఖ్య కూడా వేరే. కాబట్టి ఆ సంఖ్యను అనువాద ఫైలులోనే వాక్యం పక్కన మరొక కీగా ఉంచండి. అనువాదకులు తరువాత ఒక కామాను సరిచేసినా నమోదైన మూసతో సరిపోలక సందేశం ఆగిపోతుందని వారికి ముందే చెప్పండి.

రాత్రి జాబ్‌కు రిక్వెస్టు లేదు, రిక్వెస్టు లేనప్పుడు కుకీ లేదు, హెడరు లేదు. అక్కడ భాష అందుకునే మనిషికి చెందినది. ఖాతాలో భాషా ఎంపిక గడిని చేర్చి, ప్రతి గ్రహీతకూ గెట్‌ఫిక్స్‌డ్‌టి ఫంక్షన్‌కు ఆ భాషను ఇచ్చి 'టి'ని తెచ్చుకోండి. గుమాస్తా ఇంగ్లీషు తెర మీద నొక్కిన బటన్ వల్ల రైతుకు వెళ్లే సందేశానికీ ఇదే వర్తిస్తుంది. నొక్కినవారి భాషను చూడకూడదు.

ప్రశ్న: ఒకే అడ్రసులో భాషను బట్టి పేజీ మార్చి ఇస్తున్నాము. మధ్యలోని క్యాష్ (పేజీల నకళ్లను దాచి ఇచ్చే నిల్వ) ఒకరి భాష పేజీని మరొకరికి ఇస్తోంది. (ఒక పాఠకుడు, మార్కాపురం)

జవాబు: అందరికీ కనిపించే పేజీలకు అడ్రసులోనే భాష ఉండేలా చేయండి. తెలుగు పేజీకి ఒక దారి, ఇంగ్లీషుకు మరొక దారి అయితే క్యాష్‌కు గందరగోళం ఉండదు. గూగుల్ శోధన యంత్రం యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడరు లేకుండానే పేజీలను అడుగుతుంది, కాబట్టి ఇప్పటి పద్ధతిలో మీ తెలుగు పేజీ దాని కంట పడదు. పేజీల మధ్య హెచ్‌రెఫ్‌లాంగ్ లంకెలు (ఇదే పేజీ వేరే భాషలో ఎక్కడుందో చెప్పేవి), హెచ్‌టీఎంఎల్ ట్యాగులో భాష కోడు కూడా చేర్చండి. ఒకే అడ్రసు తప్పనిసరైన చోట జవాబులో 'వేరీ' (జవాబు దేన్నిబట్టి మారుతుందో క్యాష్‌కు చెప్పే) హెడరుకు యాక్సెప్ట్-లాంగ్వేజ్‌ను ఇవ్వాలి. కుకీని బట్టి మారే పేజీలనైతే ఉమ్మడి క్యాష్‌లో ఉంచనే కూడదు.

ప్రశ్న: పపెటీర్‌తో (బ్రౌజరును కోడుతో నడిపే లైబ్రరీ) చేసే పీడీఎఫ్‌లో తెలుగు స్థానంలో డబ్బాలు వస్తున్నాయి. ఇంకొకటి, సరకుల పేర్లు తెలుగులో వెతికితే కొన్ని దొరకడం లేదు. (ఒక పాఠకురాలు, కందుకూరు)

జవాబు: మీ డాకర్ ఇమేజులో (అప్లికేషన్‌ను కావలసినవాటితో కలిపి కట్టిన మూటలో) తెలుగు ఫాంటు లేదు. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ఇమేజు తయారీలోనే చేర్చండి. డబ్బాలు పోతాయి, ఒత్తులు అమర్చే పనిని పపెటీర్ నడిపే క్రోమియం బ్రౌజరు చూసుకుంటుంది.

వెతుకులాటలో చిక్కు కంటికి కనిపించని గుర్తుది. 'ఫీడ్‌మిల్' అని రాసేటప్పుడు కొన్ని కీబోర్డులు 'డ్' తరువాత, అక్షరాలు కలిసి ఒత్తు కాకుండా ఆపే గుర్తును చేరుస్తాయి, కొన్ని చేర్చవు. అప్పుడది 'ఫీడ్మిల్' అవుతుంది. సరకు పేరును మీరు దాచిన రూపంలోనే ఉంచి, వెతకడానికి మాత్రం మరొక గడిని పెట్టి, అందులో యూనికోడు 200సి (ఆ ఆపే గుర్తు), 200డి (కలిపే గుర్తు) రెండింటినీ తీసివేసిన రూపాన్ని దాచండి. వినియోగదారు టైపు చేసిన మాటనూ వెతికే ముందు అలాగే శుభ్రం చేయాలి. దానితో పాటు నార్మలైజ్ ఫంక్షన్‌ను ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడు ప్రామాణిక రూపంతో నడిపితే, ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాసినవీ రెండు ముక్కలుగా రాసినవీ ఒకటవుతాయి. సరకుల జాబితాను అకారాది వరుసలో పెట్టడానికి మామూలు సార్ట్‌ను వదిలి తెలుగు కోడుతో ఇంట్ల్ కొలేటర్‌ను వాడండి.